పది లక్షల పరిమితి ఉన్నా ఆపరేషన్‌కు ప్యాకేజీ సరిపోదని ఆసుపత్రులు ఎందుకంటున్నాయి?

పరకాల నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. వారి అమ్మగారికి చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం దెబ్బతిన్నదని, దాన్ని మార్చక తప్పదని వైద్యులు చెప్పారు. తెల్ల రేషన్ కార్డు ఉంది. హనుమకొండలోని ఒక ఆసుపత్రి ఆరోగ్యశ్రీ ప్యాకేజీతో గిట్టుబాటు కాదన్నది, మరొకటి హైదరాబాద్ తీసుకుపొమ్మన్నది. ప్రభుత్వం పది లక్షల రూపాయల దాకా భరిస్తానంటుంటే ఆసుపత్రులు ఎందుకు వెనుకాడుతున్నాయి, ఇలాంటి పెద్ద ఆపరేషన్లకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము ఇన్నేళ్లలో పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్నది వారి సందేహం. వరంగల్‌లో చాలా ఏళ్లుగా నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, అంటే ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ఆసుపత్రుల్లో, ప్రభుత్వం నుంచి ఆ డబ్బు రాబట్టే క్లెయిమ్‌ల పని చూస్తున్నవాడిని కనుక, లోపలి లెక్క ఎలా ఉంటుందో కొంచెం విడమరచి చెబుతాను.

మొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, మూడు వేర్వేరు అంకెలను మనం ఒకటిగా కలిపి మాట్లాడుకుంటున్నాం. కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితి ఒకటి, ఒక్కో ఆపరేషన్‌కు ముందే ఖరారు చేసిన ప్యాకేజీ రేటు రెండోది, కోతలు పోయి ఎన్ని నెలలకో ఆసుపత్రి ఖాతాలో పడే సొమ్ము మూడోది. పత్తి పండించే మన ప్రాంతం వారికి ఇది కొత్త సంగతి కాదు: మద్దతు ధర ప్రకటించడం వేరు, ఎనుమాముల మార్కెట్‌లో తేమ శాతం చూసి కోత పెట్టడం వేరు, డబ్బు ఖాతాలో జమ కావడం వేరు. గత పదిహేడు, పద్దెనిమిదేళ్లలో మొదటి అంకె బాగా పెరిగింది, రెండోది చాలా కాలం కదలకుండా ఉండి ఒకసారి పెరిగింది, మూడోది ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేని స్థితిలో ఉంది. మీకు ఎదురైన జవాబులు రెండో అంకె నుంచీ మూడో అంకె నుంచీ వచ్చినవి, పత్రికల్లో మీరు చదివినది మొదటి అంకె గురించి.

పరిమితి సంగతి త్వరగా ముగిస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో యాభై వేలు అన్నది నిబంధన. 2008 మధ్య నాటికి పథకం రాష్ట్రమంతటా విస్తరించింది. రెండు లక్షల పరిమితి ఉన్న ఆ రోజుల్లో కూడా పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్‌కు ప్రత్యేకంగా ఆరున్నర లక్షల దాకా అనుమతించారు, అంటే ఖరీదైన ఆపరేషన్ అనుకున్నప్పుడు పరిమితిని పక్కన పెట్టే పద్ధతి మొదటి నుంచీ ఉన్నదే. 2018 సెప్టెంబరులో కేంద్రం ఐదు లక్షల పరిమితితో ఆయుష్మాన్ భారత్‌ను ప్రారంభించింది, తెలంగాణ 2021లో అందులో చేరింది. 2023 డిసెంబరు 9న రాష్ట్ర ప్రభుత్వం పరిమితిని పది లక్షలకు పెంచింది. ఈ పెంపు నిజంగా అక్కరకు వచ్చేది శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ ఒకదాని వెంట ఒకటి చేయించుకోవలసిన క్యాన్సర్ రోగులకు, అవయవ మార్పిడి జరిగినవారికి, పుట్టుకతో గుండె లోపం ఉండి విడతలవారీగా ఆపరేషన్లు జరగవలసిన పిల్లలకు, ఒకే ఏడాది ఇంట్లో ఇద్దరు మంచాన పడిన కుటుంబాలకు. ఒకే ఒక కవాటం మార్చే ఆపరేషన్‌కు పరిమితి ఐదు లక్షలైనా పది లక్షలైనా ఆసుపత్రికి వచ్చే సొమ్ములో ఒక్క రూపాయి తేడా రాదు. ఈ మాట బయట ఎవరూ స్పష్టంగా చెప్పరు కనుకనే కౌంటర్ దగ్గర ఇన్ని గొడవలు జరుగుతుంటాయి.

ఇక ప్యాకేజీ రేటు. ఆరోగ్యశ్రీలో ప్రతి శస్త్రచికిత్సకూ ఒక కోడ్, ఆ కోడ్‌కు ఒక ధర ఉంటాయి. రోగి చేరిన దగ్గరి నుంచి పరీక్షలు, మందులు, మంచం, భోజనం, ఆపరేషన్, లోపల పెట్టే పరికరం, డిశ్చార్జి తరువాత పది రోజుల మందులు, ఇంటికి వెళ్లే దారి ఖర్చులు అన్నీ ఆ ధరలోనే ఇమడాలి. కవాటం మార్పిడి విషయంలో ఆ ధరలో ఏమేమి ఉంటాయో చూడండి. గుండెను ఆపి పని చేస్తారు కనుక హార్ట్ లంగ్ మెషిన్ కావాలి, దానికి ఒక్కసారి మాత్రమే వాడే, రక్తానికి ఆక్సిజన్ అందించే ఆక్సిజనేటర్, గొట్టాల సెట్టు కావాలి, ఆ యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు కావాలి. రక్తం సిద్ధంగా ఉండాలి. కవాటం ఉంది. ఆపరేషన్ తరువాత వెంటిలేటర్, ఆ తరువాత కొన్ని రోజులు ఐసీయూ. హైదరాబాద్‌లో ఈ బృందం రోజూ పని చేస్తుంది కనుక ఖర్చు ఎక్కువ ఆపరేషన్ల మీద పంచుకుంటుంది. వరంగల్ వంటి చోట చాలా ఆసుపత్రులకు సర్జన్ వారంలో కొన్ని రోజులు బయటి నుంచి వస్తారు, యంత్రం మాత్రం ఏడాది పొడవునా అలాగే ఉండి తన వాయిదాలు తాను అడుగుతూనే ఉంటుంది. ఒకే రేటు రెండు చోట్లా ఒకేలా గిట్టుబాటు కాకపోవడానికి అసలు కారణం ఇదే.

ఈ రేట్లు 2013 తరువాత పదకొండేళ్ల దాకా పెరగలేదు. 2024 జులైలో ప్రభుత్వం 1,375 చికిత్సల రేట్లను సగటున 22 శాతం పెంచి, కొత్తగా 163 చికిత్సలను చేర్చింది, దాంతో మొత్తం 1,672 నుంచి 1,835కు చేరింది. కొత్తగా చేరినవాటిలో యాంజియోగ్రామ్, పార్కిన్సన్స్, వెన్నెముకకు సంబంధించిన చికిత్సలు ఉన్నాయి. పెంపు అవసరమైనదే, ఆలస్యంగానైనా జరిగినదే. కానీ లెక్క వేసి చూడండి: 2013లో వంద రూపాయలైన ఖర్చు ఏటా ఐదు శాతం చొప్పున పెరిగితే 2024 నాటికి 171 రూపాయలవుతుంది, రేటు 122 రూపాయలైంది. మధ్యలో ఉన్న 49 రూపాయలు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్నకు పథకంలో సమాధానం లేదు. ఆసుపత్రులు తమకు తోచిన సమాధానాలు వెతుక్కున్నాయి: కొన్ని సామగ్రిలో పొదుపు చేశాయి, కొన్ని ఆపరేషన్ల సంఖ్య పెంచి తట్టుకున్నాయి, కొన్ని గిట్టుబాటు కాని కోడ్‌లను నిశ్శబ్దంగా వదిలేశాయి, కొన్ని రోగి బంధువుల దగ్గర రసీదు లేకుండా వసూలు చేశాయి. చివరిది నేరం, ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

ధర పెరగని కాలంలో సామగ్రి వైపు కూడా ఒక మార్పు జరిగింది, దాని ప్రభావం బయటివారికి అంతగా తెలియదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం గుండె స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది: మామూలు లోహపు స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందు పూతవాటికి 29,600 రూపాయలు, పన్నులు అదనం. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీలు పరికరాలకూ పరిమితి పెట్టారు. రోగులకు అది గొప్ప ఉపకారం. ఆసుపత్రుల లెక్కల్లో మాత్రం అప్పటిదాకా పరికరాల మీద మిగిలే సొమ్ముతో గిట్టుబాటు కాని ఆపరేషన్లను నెట్టుకొచ్చే వెసులుబాటు పోయింది. డబ్బు చెల్లించే రోగుల నుంచి వచ్చినది ఆరోగ్యశ్రీ రోగికి సర్దే పద్ధతి బలహీనపడ్డాక ప్యాకేజీ తన కాళ్ల మీద తాను నిలబడవలసి వచ్చింది. స్టెంట్ వేసే యాంజియోప్లాస్టీ ఇప్పటికీ నిలబడుతుంది, ఎందుకంటే అది ఒకటి రెండు రోజుల పని, రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి చికిత్స చేసే అదే క్యాథ్‌ల్యాబ్‌లో రోజుకు అనేకం చేయవచ్చు. ఛాతీ తెరిచి చేసే కవాటం మార్పిడి, బైపాస్ అంత తేలికగా నిలబడవు. హనుమకొండ నక్కలగుట్ట చుట్టుపక్కల క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రులు పెరిగి, గుండెను తెరిచి ఆపరేషన్ చేసేవి ఆ స్థాయిలో పెరగకపోవడం వెనుక వైద్యం ఎంత ఉందో ఈ లెక్క కూడా అంతే ఉంది.

అయితే రేట్లు పెంచితే చాలు అన్ని సమస్యలూ తీరుతాయని వాదించేవారితో నేను ఏకీభవించను. ఆరోగ్యశ్రీ తొలి ఏళ్లలో గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు అవసరానికి మించి జరిగిన చరిత్ర ఇంకా మరచిపోయేంత పాతది కాదు. తేలికగా, తక్కువ ప్రమాదంతో, ఖర్చుకు మించి ధర వచ్చే ఆపరేషన్ ఏదైనా ఉంటే కత్తి అటే పోతుంది. అందుకే అప్పట్లో గర్భసంచి తొలగింపుతో సహా 133 చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు. ప్రభుత్వ ఆసుపత్రులకు కూడా క్లెయిమ్ డబ్బు వస్తుంది, అందులో కొంత భాగం ఆపరేషన్ చేసిన బృందానికి ప్రోత్సాహకంగా పంచుతారు, మిగిలినది ఆసుపత్రి అభివృద్ధికి పోతుంది. వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎం వంటి చోట ఈ సొమ్ముతో పరికరాలు సమకూర్చుకోవచ్చు, ఇది పథకంలోని మంచి అంశాల్లో ఒకటి. నా ఉద్దేశంలో సమస్య రేటు ఎక్కువా తక్కువా అన్నది కాదు, అసలు రోగం తీవ్రతను రేటు పట్టించుకోకపోవడం. నలభై ఏళ్ల మనిషికి, గుండె బాగా పంపు చేస్తున్న స్థితిలో చేసే కవాటం మార్పిడికీ, అరవై ఐదేళ్లు దాటి షుగరు, మూత్రపిండాల బలహీనత ఉండి ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిన మనిషికి చేసే అదే ఆపరేషన్‌కూ ఒకే కోడ్, ఒకే ధర. మొదటి రోగి నాలుగో రోజు వార్డుకు వస్తాడు, రెండో రోగి పదిహేను రోజులు ఐసీయూలో ఉండవచ్చు. మీకు ఒక ఆసుపత్రి "హైదరాబాద్ తీసుకపోండ్రి" అన్నప్పుడు అది వైద్యపరమైన జాగ్రత్త కావచ్చు, ఈ లెక్క కూడా కావచ్చు, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి.

కేంద్ర పథకంలో ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా కొంత కదలిక ఉంది. 2022లో సవరించిన ప్యాకేజీల పట్టికలో 1,949 చికిత్సలు ఉన్నాయి, ఊరి స్థాయినీ ఆసుపత్రి స్థాయినీ బట్టి వేర్వేరు ధరలు ఇచ్చే పద్ధతిని అందులో ప్రవేశపెట్టారు, రోగ తీవ్రతను బట్టి సమూహాలుగా విభజించి చెల్లించే విధానాన్ని ప్రయోగాత్మకంగా పరిశీలిస్తామన్నారు. నాణ్యత గుర్తింపు ఉన్న ఆసుపత్రికి పది నుంచి పదిహేను శాతం, పీజీ వైద్య విద్య ఉన్న ఆసుపత్రికి పది శాతం, ఆకాంక్షిత జిల్లాలో, అంటే వెనుకబడినదిగా కేంద్రం గుర్తించిన జిల్లాలో, ఉన్న ఆసుపత్రికి మరో పది శాతం అదనంగా ఇవ్వవచ్చన్న నియమం అంతకు ముందే ఉంది. మన వైపు ఆసిఫాబాద్, భూపాలపల్లి ఆకాంక్షిత జిల్లాలే, కానీ గుండె ఆపరేషన్ చేసే ఆసుపత్రే లేని చోట పది శాతం అదనం ఎవరికి ఇస్తారు? ఆ రోగులు వరంగల్‌కో మంచిర్యాల మీదుగా కరీంనగర్‌కో రావలసిందే, అక్కడికి వచ్చాక ఆ పది శాతం వర్తించదు.

మరొక నియమం కూడా మీకు తెలిసి ఉండటం మంచిది. ఒకే బల్ల మీద రెండు పనులు చేస్తే కేంద్ర పథకం లెక్కలో పెద్దదానికి పూర్తి ధర, రెండోదానికి సగం, మూడోదానికి పావు వంతు చెల్లిస్తారు. మైట్రల్ కవాటం చాలా కాలంగా చెడిపోయినవారిలో గుండె కుడివైపున ఉండే ట్రైకస్పిడ్ కవాటం కూడా లీక్ కావడం సాధారణం. దాన్ని కూడా సరిచేస్తే పని పెరుగుతుంది, చెల్లింపు ఆ మేరకు పెరగదు. ఎకో రిపోర్టులో ఆ మాట ఉందేమో చూడండి, ఉంటే ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగండి, ఆపరేషన్‌కు ముందు తీసుకునే అనుమతి, అంటే ప్రీ ఆథరైజేషన్‌లో రెండూ నమోదు చేయమనండి.

ఇప్పుడు మూడో అంకెకు వస్తాను, నా ఉద్యోగమంతా దాని చుట్టూనే నడుస్తుంది. ఆపరేషన్ అయిపోయాక ఆసుపత్రి క్లెయిమ్ పంపుతుంది. ఆసుపత్రిలో పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర చేసిన నమోదు, రోగి ఫొటో, ఎకో రిపోర్టు, కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, ఆపరేషన్ తరువాతి ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ, దారి ఖర్చులు ముట్టినట్టు సంతకం, ఇవన్నీ స్కాన్ చేసి ఎక్కించాలి. వీటన్నింటిలో నేను ఎక్కువ జాగ్రత్తగా చూసేది ఒక చిన్న కాగితపు ముక్కను. కవాటం వచ్చే డబ్బాలో అంటుకునే స్టిక్కర్లు ఉంటాయి, దాని మీద సైజు, సీరియల్ నంబరు, బార్‌కోడ్ ముద్రించి ఉంటాయి. థియేటర్‌లో నర్సు ఒకదాన్ని ఒలిచి కేస్ షీటులో అంటించాలి, అదే నంబరు సరఫరాదారు ఇచ్చిన ఇన్వాయిస్‌లోనూ ఉండాలి. ఒకసారి ఇన్వాయిస్ టైపు చేసినవారు చివరి రెండు అంకెలను తారుమారు చేశారు. పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు నుంచి క్వెరీ, అంటే వివరణ కోరుతూ ప్రశ్న, పడింది, సరిచేసిన ఇన్వాయిస్ కోసం సరఫరాదారు చుట్టూ తిరిగి, జవాబు పెట్టి, మళ్లీ వరుసలో నిలబడేసరికి ఆ క్లెయిమ్ నెలల వెనక్కి పోయింది. ట్రస్టును తప్పుపట్టలేను, లేని పరికరాన్ని పెట్టినట్టు చూపించే మోసం పట్టుకోవాలంటే ఆ స్టిక్కర్ తప్ప మరో దారి లేదు.

క్వెరీలు, కోతలు దాటి ఆమోదం వచ్చాక కూడా డబ్బు ట్రెజరీ నుంచి రావాలి. మొదటి రోజుల్లో స్టార్ హెల్త్ అనే బీమా సంస్థకు ప్రీమియం కట్టి నడిపిన పథకం ఇది. 2008లో రెండో దశ మొదలైనప్పుడు కొత్త చికిత్సలను ట్రస్టు నేరుగా భరించింది, క్రమంగా మొత్తం పథకం ట్రస్టు చేతికి వచ్చింది. బీమా సంస్థ లాభం, దాని ఖర్చులు మిగిలాయి కనుక అది సరైన నిర్ణయమే. కానీ ముందే కట్టిన ప్రీమియం అనే నిధి పోయింది, ప్రభుత్వం నెల నెలా ఎంత విడుదల చేస్తే అంతే చెల్లింపు అన్న పరిస్థితి వచ్చింది. కేంద్రం వాటా కూడా ప్రధానంగా సామాజిక ఆర్థిక కుల గణనలో గుర్తించిన కుటుంబాలకే వస్తుంది, రేషన్ కార్డు ఉన్న మిగతా కుటుంబాల భారం చాలావరకు రాష్ట్రానిదే. 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం తమకు 1,400 కోట్ల రూపాయల దాకా బకాయిలు ఉన్నాయని చెప్పి సేవలు నిలిపివేసింది, ప్రభుత్వం కొంత సొమ్ము విడుదల చేశాక విరమించింది. అదే ఏడాది జనవరిలోనూ ఇలాగే జరిగింది.

ఆలస్యం ధరను ఎలా తినేస్తుందో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. 2024కు ముందు లక్ష రూపాయలున్న ప్యాకేజీ 22 శాతం పెరిగి 1,22,000 అయిందనుకోండి. ఆసుపత్రి బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మీద 12 శాతం వడ్డీ కడుతూ పది నెలలు ఎదురుచూస్తే వడ్డీ 12,200 రూపాయలవుతుంది. చేతికి మిగిలేది 1,09,800. అంటే 22 శాతం పెంపులో సగానికి పైగా నిరీక్షణలోనే పోయింది. ఆక్సిజనేటర్లు, కవాటాలు ఇచ్చే సరఫరాదారులు కూడా ఇది గమనించి, ఆరోగ్యశ్రీ మీద ఎక్కువగా ఆధారపడిన ఆసుపత్రులకు అరువు ఇవ్వడం తగ్గించారు. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఏడాది ఆగగలదు. జిల్లాలో ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కలిసి పెట్టుకున్న ఆసుపత్రి ఆగలేదు. కాబట్టి నన్నడిగితే, మరోసారి రేట్లు పెంచడం కంటే ఆమోదించిన క్లెయిమ్‌ను ఒక గడువులోగా చెల్లించి, గడువు దాటితే వడ్డీ కలిపి ఇవ్వడమే మన ప్రాంతంలో గుండె, మెదడు, వెన్నెముక ఆపరేషన్లు నిలబడటానికి ఎక్కువ తోడ్పడుతుంది.

ఇక మీ అమ్మగారి సంగతి. ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉండి, కార్డియోథొరాసిక్ విభాగానికి గుర్తింపు ఉండి, మంచాలు ఖాళీగా ఉంటే "ప్యాకేజీ సరిపోదు" అన్నది నిరాకరించడానికి చెల్లుబాటయ్యే కారణం కాదు. మొదట ఆ ఆసుపత్రికి మీకు కావలసిన విభాగంలోనే గుర్తింపు ఉందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి, చాలాచోట్ల బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉన్నా కార్డియాలజీకే ఉండి గుండె శస్త్రచికిత్సకు ఉండదు. గుర్తింపు ఉండీ పైన డబ్బు అడిగితే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, జిల్లా కోఆర్డినేటర్ దృష్టికి తీసుకెళ్లండి. అదనంగా ఇవ్వవద్దు, ఇవ్వక తప్పని స్థితి వస్తే రసీదు లేకుండా మాత్రం ఇవ్వవద్దు. వయసు ఎక్కువై, వేరే జబ్బులు కూడా ఉంటే హైదరాబాద్‌లోని ప్రభుత్వ సంస్థ నిమ్స్‌కు వెళ్లడానికి సంకోచించవద్దు, అక్కడ నిరీక్షణ ఉన్నా కష్టమైన కేసులు రోజూ చేసే బృందం ఉంటుంది. ఎకో సీడీ, పాత రిపోర్టులు, రేషన్ కార్డు, ఆధార్ అసలువి వెంట పెట్టుకోండి, కార్డులో అమ్మగారి పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో ముందే సరిచూసుకోండి.

మరొక మాట. లోహపు కవాటం పెడితే జీవితాంతం ఎసిట్రామ్ వంటి రక్తం పలుచబరిచే మాత్ర వేసుకోవాలి, దాని మోతాదు సరిగా ఉందో లేదో ఐఎన్ఆర్ పరీక్షతో తరచుగా చూసుకోవాలి. కవాటం మార్పిడికి ఆరోగ్యశ్రీలో ఫాలో-అప్ ప్యాకేజీ వేరుగా ఉంది, మందులు, పరీక్షలు అందులోనే వస్తాయి. అది మామూలుగా ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే అందుతుంది, డిశ్చార్జి నాడే దానికి తేదీ రాయించుకోవాలి. హైదరాబాద్‌లో చేయిస్తే ప్రతిసారీ పరకాల నుంచి అంత దూరం ప్రయాణం ఉంటుంది, హనుమకొండలో అయితే గంటలో పని. శస్త్రచికిత్స ఎక్కడ చేయించాలన్నది నిర్ణయించేటప్పుడు సర్జన్ అనుభవంతో పాటు ఈ విషయం కూడా కుటుంబంలో మాట్లాడుకోండి.